సెలవు రోజు బీదర్ బాట

బీదర్ సుల్తాను వారంలో రెండు రోజులు, గురువారం, మంగళవారం, విహారానికి బయల్దేరేవాడు. వెంట ముగ్గురు వజీర్లు ఉండేవారు. సుల్తాను సోదరుడి వంతు సోమవారం. ఆయన తల్లినీ, సోదరినీ తీసుకుని వెళ్లేవాడు. అయిదున్నర శతాబ్దాల కిందటి ఈ సంగతి ఏ ఆస్థాన చరిత్రకారుడో రాసిపెట్టింది కాదు. రష్యాలోని త్వేర్ పట్టణం నుంచి బయల్దేరి, పర్షియా మీదుగా హోర్ముజ్ చేరి, అక్కడ ఓడెక్కి చౌల్ రేవులో దిగి, ఒక్క గుర్రాన్ని అమ్ముకోవడానికి దక్కను నడిబొడ్డుదాకా వచ్చిన అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు రాసుకున్నది. పని మీద పరాయి దేశం వచ్చిన మనిషి తీరిక దొరికినప్పుడు ఏం చూశాడు, ఎవరితో కలిసి తిరిగాడు, ఏం తిన్నాడు, దేనికి బెంగపడ్డాడు... అన్నీ ఆయన రాతల్లో ఉన్నాయి.

ఆ బీదర్ తెలంగాణలోని జహీరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్లు. బస్సెక్కితే గంట ప్రయాణం.

జహీరాబాద్ ఇప్పుడు పనివాళ్ల ఊరు. 1980ల్లో ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో ఇక్కడ తేలికపాటి వాణిజ్య వాహనాల కర్మాగారం పెట్టింది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. అదే సంస్థ ఇక్కడ ట్రాక్టర్ల కర్మాగారం కూడా కట్టింది. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా ఇంజినీర్లతో కలిసి రూపొందించి 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ‘ఓజా’ ట్రాక్టర్లు తయారవుతున్నది జహీరాబాద్‌లోనే. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలి కోసం భూసేకరణ ఏళ్లుగా సాగుతోంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తమ్మీద ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. అంటే రాబోయే ఏళ్లలో ఇక్కడికి బతుకుదెరువుకు వచ్చేవాళ్లు ఇంకా పెరుగుతారు. పక్క జిల్లాల నుంచీ వస్తారు, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచీ వస్తారు. ఇల్లు వదిలి, భాష తెలియని చోట, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లకు రాష్ట్రం మారినా దేశం మారినట్టే ఉంటుంది.

వాళ్లకు వారానికి ఒకరోజు సెలవు. ఆ ఒక్కరోజూ ఎలా గడుస్తుంది? వారం బట్టలు ఉతుక్కోవడం, ఆలస్యంగా లేవడం, ఇంటికి ఫోను, సాయంత్రం బజారుకెళ్లి కూరగాయలు. షిఫ్టుల్లో ఒళ్లు హూనమైనవాడికి నిద్రే పెద్ద సెలవు, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇలాగే రెండేళ్లు గడిచిపోయాక సొంతూరు వెళ్లి, ‘అక్కడ ఏముందిరా?’ అని ఎవరైనా అడిగితే కంపెనీ గేటూ, అద్దె గదీ తప్ప చెప్పడానికి ఏమీ మిగలదు. అది బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ గదికి గంట దూరంలో ఉన్న ఊరు దాదాపుగా పరాయివాళ్లు కట్టిన ఊరు. పని వెతుక్కుంటూ, వ్యాపారం చూసుకుంటూ, గురువును వెతుక్కుంటూ దూరదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతి ముద్రలు బీదర్ రాళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఈ వారం సెలవు అన్నది కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు 1890 జూన్ 10న దక్కింది. దాని కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ వారానికొక సెలవు కార్మికుడి హక్కుగా నిలిచింది. అలా సంపాదించుకున్న రోజును మంచంమీదే గడిపేయకుండా నెలకొక్కసారైనా బయటికి తీసుకెళ్లాలి.

గీత తర్వాత వచ్చింది

జహీరాబాద్ నుంచి బీదర్ వెళ్లడమంటే ఇవాళ రాష్ట్రం దాటడం. బస్సులో ఆడవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. తెలంగాణ ఆర్టీసీ బస్సులో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం సరిహద్దు వరకే, ఆపైన టికెట్ కొనాలి. బోర్డుల మీద లిపి కన్నడంలోకి మారుతుంది. మట్టి మాత్రం మారదు. రోడ్డుకు అటూ ఇటూ అదే ఎర్రమట్టి, అదే చెరకు, అదే అల్లం, ఆలుగడ్డ. బీదర్ కోటను కట్టిందీ ఈ ఎర్రరాతి నేలమీదే, చాలావరకు ఈ ఎర్రరాతితోనే.

ఈ గీతకు డెబ్బై ఏళ్ల వయసే. హైదరాబాద్ రాష్ట్రంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నారాయణఖేడ్ కూడా అంతే. కచేరీ పనైనా, కోర్టు పనైనా ఇక్కడి రైతులు వెళ్లింది బీదర్‌కే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేశారు. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. జహీరాబాద్ తాలూకాలో నిర్ణా సర్కిల్‌ను వదిలి మిగిలిందీ, నారాయణఖేడ్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ కొత్త ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. న్యాల్‌కల్ ఊళ్లకు తాలూకా కేంద్రమే రాత్రికి రాత్రి పక్క రాష్ట్రమైంది. చుట్టరికాలు, సంతలు, జాతరలు ఆ గీతను ఇప్పటికీ పట్టించుకోవు. జహీరాబాద్ బజార్లో తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ, లంబాడీ ఒకే దుకాణం ముందు వినిపించడం ఈ పాత జిల్లా మిగిల్చిన ఆస్తి.

కాబట్టి ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి జహీరాబాద్‌లో పనిచేసే కుర్రాడు ఒకరోజు బీదర్ వెళ్లొస్తే, తాను అద్దెకుంటున్న ఊరికి పాత జిల్లా కేంద్రాన్ని చూసొచ్చినట్టు. ఇక్కడే పుట్టినవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు.

పొద్దున్నే బయల్దేరితే

రైలూ ఉంది, బస్సూ ఉంది. వికారాబాద్ నుంచి కోహీర్, జహీరాబాద్ మీదుగా బీదర్, పర్లీ వైపు వెళ్లే లైను ఇది. రైలు వేళలు సెలవు రోజుకు కుదరకపోతే రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులూ తిరుగుతూనే ఉంటాయి. ఎండ ముదరకముందే కోటకు చేరడం మంచిది.

బహమనీ సుల్తాను అహ్మద్‌షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. 1430ల తొలినాళ్లకు కోట నిలబడింది. ముందు చూడాల్సింది కందకం. మామూలు కోటలకు ఒక కందకం ఉంటుంది. ఇక్కడ దక్షిణం వైపు రాతిని తొలిచి, మధ్యలో గోడల్లా రాతిని వదిలేస్తూ మూడు వరసలుగా కందకం తవ్వారు. ఎర్రరాయిని అంత లోతుకు తొలిచిన కూలీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఈ కందకం అంచున నిలబడితే రాజుకంటే ముందు ఆ కూలీలే గుర్తొస్తారు.

లోపల రంగీన్ మహల్ చిన్నది, కానీ వదలకూడనిది. బహమనీల తర్వాత వచ్చిన బరీద్‌షాహీ పాలకుడు అలీ బరీద్ కాలపు ముత్యపుచిప్ప పొదుగు పని నల్లరాతి మీద ఇప్పటికీ తళుక్కుమంటుంది. చెక్క స్తంభాల మీద చెక్కడం మరో పక్క. సోలా ఖంబా మసీదు, గగన్ మహల్, తర్కష్ మహల్, పాత హమామ్‌లో పెట్టిన చిన్న మ్యూజియం... కోట మొత్తం తిరగాలంటే పూట పడుతుంది. రంగీన్ మహల్‌కు తాళం వేసి ఉంటే పురావస్తుశాఖ సిబ్బందిని అడగాలి.

నికితిన్ ఈ కోటను బయటినుంచీ, వాకిళ్ల దగ్గరినుంచీ జాగ్రత్తగా గమనించాడు. సుల్తాను ప్రాసాదానికి ఏడు ద్వారాలున్నాయనీ, ఒక్కో ద్వారం దగ్గర నూరుగురు కాపలాదారులూ నూరుగురు రాతగాళ్లూ కూర్చుంటారనీ, ఎవరు లోపలికి వెళ్లినా ఎవరు బయటికొచ్చినా రాసుకుంటారనీ చెప్పాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ కార్డు చూపించి లోపలికెళ్లే మనిషికి ఇది కొత్త విషయమేమీ కాదు.

ఆయన దక్కనులో పడ్డ కష్టం చిన్నది కాదు. జున్నర్‌లో అక్కడి ఖాన్ గుర్రాన్ని లాక్కున్నాడు. మతం మారితే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలిస్తానన్నాడు, నాలుగు రోజులు గడువు పెట్టాడు. ఖొరాసాన్ నుంచి వచ్చిన మరో పరదేశి ఖాన్‌తో మాట్లాడి నికితిన్‌ను విడిపించాడు. పరాయిచోట మొదట ఆదుకునేది మరో పరాయివాడే అన్నది అప్పుడూ నిజమే. ఎలాగో బీదర్ చేరి గుర్రాన్ని అమ్ముకున్నాడు. అప్పటికి దాన్ని మేపడానికే చాలా ఖర్చయిపోయింది.

తర్వాత చేసిన పని గొప్పది. బీదర్‌లో నెలల తరబడి ఉండి హిందువులతో స్నేహం కలుపుకున్నాడు. తాను ముసల్మానును కాననీ, క్రైస్తవుణ్ననీ వాళ్లకు చెప్పాడు. అప్పటినుంచీ వాళ్లు తిండి విషయంలోగానీ, పూజ విషయంలోగానీ, వ్యాపారం విషయంలోగానీ తన దగ్గర ఏదీ దాచలేదని రాశాడు. వాళ్లతో కలిసి శివరాత్రి తిరునాళ్లకు ‘పర్వతం’ వెళ్లాడు. బీదర్ నుంచి నెలరోజుల నడక. ఆ పర్వతం మన శ్రీశైలమే. యాత్రికులు తలా గడ్డం గొరిగించుకోవడం, రాతి గోడల మీద వరసలు వరసలుగా చెక్కిన బొమ్మలు, దేవుడి ముందు నల్లరాతి నంది, దాని గిట్టను ముద్దుపెట్టుకుని పూలు చల్లే జనం... ఆయన కళ్లు దేన్నీ వదల్లేదు. ఆలయాన్ని కొలవడానికి ఆయనకు తెలిసిన కొలత ఒక్కటే. అది తమ త్వేర్‌లో సగం ఉంటుందన్నాడు. ఇల్లు వదిలినవాళ్లందరూ కొత్త ఊరిని సొంతూరితోనే కొలుస్తారు.

ఆయన రాతల్లో గుండెను పట్టుకునే చోటు ఇంకొకటి. దారిలో దొంగలు దోచుకున్నప్పుడు మతగ్రంథాలు పోయాయి. దాంతో పండుగలు ఏ రోజు పడతాయో లెక్క తప్పిపోయింది. ఈస్టర్ ఎప్పుడో తెలియక, చుట్టుపక్కల వాళ్ల పండుగలను బట్టీ, చంద్రుణ్ని బట్టీ అంచనా వేసుకుంటూ ఉపవాసాలున్నాడు. మూడు సముద్రాల అవతలి యాత్రగా పేరుపడ్డ ఆ రాతలు మిగిలాయి. మనిషి మాత్రం తిరుగుదారిలో స్మోలెన్స్క్ దగ్గర్లో కన్నుమూశాడు, త్వేర్ చేరలేదు. 1957లో కె.ఎ.అబ్బాస్, వసీలీ ప్రోనిన్ కలిసి తీసిన ‘పర్‌దేశీ’ సినిమా ఈయన కథే. నర్గీస్ అందులో నాయిక.

గిలాన్ నుంచి వచ్చిన వజీరు

కోట నుంచి ఊళ్లోకి నడుస్తూ వస్తే మహమూద్ గవాన్ మదర్సా ఎదురవుతుంది. ఇరాన్‌లో కాస్పియన్ సముద్రపు ఒడ్డున ఉన్న గిలాన్ గవాన్ సొంత ప్రాంతం. 1453 ప్రాంతంలో వ్యాపారం మీద దాభోల్ రేవులో దిగి, బీదర్‌లో ఉన్న ఒక సూఫీ గురువును దర్శించుకుందామని వచ్చాడు. ఆస్థానంలో ఉద్యోగం దొరికింది. ఆపైన వజీరయ్యాడు. రాజ్యాన్ని రెండు సముద్రాల మధ్య విస్తరించాడు, రాష్ట్రాల విభజననూ భూమి లెక్కలనూ చక్కబెట్టాడు. 1472లో ఈ మదర్సా కట్టించాడు. మూడంతస్తులు, విద్యార్థులకు గదులు, మూడు వేల పుస్తకాలతో గ్రంథాలయం. దూరప్రాంతాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లకు బసా భోజనమూ ఇక్కడే. తాను పరదేశిగా వచ్చినవాడు కట్టించిన హాస్టలు ఇది.

1696లో ఔరంగజేబు కాలంలో పేలుడు జరిగి ముందుభాగం సగం, ఒక మినారు కూలిపోయాయి. రెండో మినారు నిలబడే ఉంది. దాని మీద నీలం, పచ్చ, తెల్ల పలకలు కొన్నిచోట్ల ఇంకా అంటుకునే ఉన్నాయి. సమర్‌ఖండ్‌లోనో హెరాత్‌లోనో ఉండాల్సిన భవనాన్ని ఎర్రమట్టి దుమ్ములో చూడటం ఒక విచిత్రమైన అనుభవం.

గవాన్ ముగింపు తెలుగు నేల మీదే జరిగింది. బహమనీ ఆస్థానంలో స్థానిక దక్కనీ ప్రభువులకూ, ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన పరదేశీ ప్రభువులకూ పడేది కాదు. ఉద్యోగాలన్నీ బయటివాళ్లకే పోతున్నాయన్న కోపం అప్పుడూ ఉంది. ప్రత్యర్థులు గవాన్ ముద్రను సంపాదించి, ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని ఆయనే రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాను మూడో మహమ్మద్ అప్పుడు కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. విచారణ లేకుండా, తాగిన మత్తులో, 1481 ఏప్రిల్ 5న వృద్ధ వజీరు తల తీయించాడు. ఏడాది తిరిగేసరికి సుల్తానూ పోయాడు. గవాన్ లేని రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు, అయిదు ముక్కలైంది. బయటినుంచి వచ్చి పనిచేసేవాళ్ల మీద అనుమానం ఎంత ఖరీదైనదో బీదర్ చరిత్ర ఇంత సూటిగా చెబుతుంటే, పరిశ్రమలొస్తున్న ప్రతి ఊరూ ఒకసారి వినాలి.

మదర్సా నుంచి కాస్త ముందుకు నడిస్తే చౌబారా. ఎత్తయిన గుండ్రటి బురుజు, దాని చుట్టూ పాత ఊరు. ఈ పరిసరాల్లోనే బిద్రీ పనివాళ్ల దుకాణాలు కనిపిస్తాయి. జహీరాబాద్ నుంచి వచ్చే కార్మికులు ఎక్కువసేపు నిలబడిపోవాల్సిన చోటు ఇది. లోహంతో పనిచేసేవాళ్లు లోహంతో పనిచేసేవాళ్లను చూస్తారు.

బిద్రీ పని ఇలా జరుగుతుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోస్తారు. చల్లారాక ఆకురాయితో నున్నగా చేస్తారు. మైలతుత్తం రాస్తే పైన తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద సన్నటి ఉలితో పూలూ తీగలూ గీస్తే గీతలు తెల్లగా కనిపిస్తాయి. ఆ గాడిలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. తర్వాత రాకి నునుపు చేస్తే వెండీ జింకూ ఒకే రంగులో కలిసిపోయి, చేసిన పనంతా మాయమైపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు వస్తుంది అసలు ఘట్టం. కోటలో ఎండా వానా తగలని చోటి నుంచి తెచ్చిన మట్టినీ నవాసాగరాన్నీ నీళ్లలో కలిపి, వస్తువును వేడిచేసి దాంతో రుద్దుతారు. జింకు మొత్తం చిక్కటి నలుపు తిరుగుతుంది. వెండి మీద ఆ మట్టి ప్రభావం ఉండదు, అది తెల్లగా మెరుస్తూ బయటికొస్తుంది. మట్టి పనికొస్తుందో లేదో కొందరు నాలుకకు తగిలించి చూసి చెబుతారు. ఈ విద్య ఇరాన్ నుంచి వచ్చిన పనివాళ్లతో బహమనీల కాలంలో ఇక్కడ చేరిందని కళాకారుల కుటుంబాలు చెప్పుకుంటాయి. వచ్చింది ఎక్కడినుంచైనా, ఈ నేల మట్టి లేకుండా ఆ నలుపు రాదు. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. చిన్న ఉంగరం, కీచైన్ లాంటివి సామాన్యుడికీ అందే ధరలో ఉంటాయి. ఊరికి పంపడానికి ఇంతకంటే మంచి గుర్తు దొరకదు.

మధ్యాహ్నం భోజనానికి గురుద్వారా నానక్ ఝీరా సాహిబ్. గురునానక్ 16వ శతాబ్దం తొలినాళ్లలో దక్షిణ దేశ యాత్రలో ఇక్కడికి వచ్చాడనీ, నీటికి కటకటలాడుతున్న ఊరికి ఆయన పాదం తగిలిన చోట తియ్యటి ఊట పుట్టిందనీ నమ్మకం. ఊట ఇప్పటికీ ఉంది. ఇప్పుడున్న గురుద్వారా 1948లో కట్టింది. తలకు గుడ్డ కట్టుకుని, కాళ్లు కడుక్కుని లోపలికెళితే లంగర్‌లో ఎవరికైనా రొట్టె, పప్పు పెడతారు. ఏ ఊరు, ఏ కులం అని అడిగేవాళ్లుండరు. బీదర్‌కూ సిక్కులకూ ఇంకో బంధం ఉంది. 1699లో ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోవింద్‌సింగ్ పిలుపుకు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన అయిదుగురు ‘పంజ్ ప్యారే’లలో భాయీ సాహిబ్ సింగ్ బీదర్ క్షురక కుటుంబంలో పుట్టినవాడు. ఆ రోజుల్లో బీదర్ నుంచి పంజాబ్ ఎంత దూరమో ఊహించుకోవాలి.

సాయంత్రం ఎండ తగ్గాక ఊరికి తూర్పున అష్టూర్. బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. అహ్మద్‌షా సమాధి లోపలి గోడల, గుమ్మటం మీది రంగుల చిత్రలేఖనం చూడాలంటే వెలుతురు కావాలి, కాపలాదారు అద్దంతో ఎండను లోపలికి పట్టి చూపించడం ఇక్కడ ఆనవాయితీ. ఈ సుల్తానును ముసల్మాన్లు వలీగా, హిందువులు అల్లమప్రభు అంశగా కొలుస్తారు. ఉర్సుకు ఇద్దరూ వస్తారు, ముందు నిలిచేది ఒక జంగమయ్య. దగ్గర్లోనే చౌఖండీ. అహ్మద్‌షా ఇరాన్‌లోని కిర్మాన్ నుంచి పిలిపించుకున్న సూఫీ వంశంలోని ఖలీలుల్లా సమాధి అది. నల్లరాతి మీద చెక్కిన అక్షరాలు తీగలు పాకినట్టుంటాయి.

వెనక్కి తిరిగిన దారి

నికితిన్, గవాన్, ఖలీలుల్లా... అందరూ ఇరాన్ వైపు నుంచి, చాలామంది హోర్ముజ్ జలసంధి దాటి వచ్చారు. అప్పట్లో డబ్బూ పనీ ఉన్న దేశం దక్కను. ఇప్పుడు ఆ దారి తిరగబడింది. జహీరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లని కుటుంబాన్ని వెతకాలి. అదే సముద్రానికి అవతలి ఒడ్డున, సెలవు రోజు కోసం ఎదురుచూసే తెలంగాణ మనుషులున్నారు.

దుబాయిలో సోనాపూర్ అని పిలుచుకునే లేబర్ క్యాంపుల నుంచి సెలవు రోజు దేరాకు బస్సులు కిక్కిరిసి వెళతాయి. అక్కడ ఖాడీ దాటడానికి అబ్రా పడవ ఉంది, ఒక్క దిర్హమ్. ఆ ఒక్క దిర్హమ్‌కు దొరికే గాలీ, నీళ్లూ, ఎదురొడ్డున బర్ దుబాయి పాత బజారూ వారం రోజుల ధూళిని కాసేపు మరిపిస్తాయి. షార్జాలో రోలా కూడలి, రియాద్‌లో బత్హా, మస్కట్‌లో రువీ, మత్రా... ప్రతి నగరంలోనూ మనవాళ్లు సెలవు రోజు కలుసుకునే చోటు ఒకటి ఉంది. సొంతూరివాడు కనిపిస్తాడని వెళతారు, జీతం పంపిస్తారు, ఊరి కబుర్లు తెచ్చుకుంటారు. బతుకమ్మ ఏ రోజు పడినా అక్కడి సంఘాలు సెలవు రోజునే ఆడతాయి. నికితిన్ ఈస్టర్ లెక్కలాగే, పరాయి క్యాలెండరు ఒప్పుకున్న రోజే పండుగ. ఆ సెలవు రోజు కూడా మారుతుంటుంది. యూఏఈ 2022 జనవరి నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చాక శుక్రవారానికి అలవాటుపడ్డ చాలామంది కార్మికుల వారమే కొత్తగా మొదలైంది.

క్యాంపు నుంచి దేరా వరకే తిరిగేవాళ్లు ఎక్కువ. ఇంకొంచెం ముందుకెళ్లినవాళ్లు మసాఫీ దగ్గర కొండల మధ్య రోడ్డు పక్క బజారును చూస్తారు. పేరు శుక్రవారం సంత, వారమంతా తెరిచే ఉంటుంది. అవతల ఫుజైరా తీరంలో బిదియా మసీదు, 15వ శతాబ్దపు కట్టడమని చెబుతారు, ఆ దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న మసీదుల్లోకెల్లా పాతది. మట్టీ రాయీ కలిపి కట్టిన నాలుగు చిన్న గుమ్మటాలు. ఆ లెక్కన గవాన్, నికితిన్‌ల కాలం నాటిదే. గల్ఫ్ అంటే అద్దాల మేడలే అనుకుని తిరిగొచ్చేవాళ్లకు ఆ నేలకూ ఒక పాత ముఖం ఉందని అక్కడ తెలుస్తుంది.

సెలవే లేనివాళ్ల మాట ఇక్కడ చెప్పకుండా ముందుకెళ్లడం అన్యాయం. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకు అక్కడి 2015 చట్టం వారానికొక విశ్రాంతి రోజు ఇవ్వాలంటోంది. చట్టం ఉన్నా, ఇంటి తలుపు దాటి బయటికెళ్లే స్వేచ్ఛ యజమాని చేతిలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఉండి కువైట్ నగరాన్ని కారు అద్దంలోంచి మాత్రమే చూసినవాళ్లున్నారు. ఒక ఊరిని కాళ్లతో తిరిగి చూడటం ఎంత పెద్ద విషయమో వాళ్లను అడగాలి.

జహీరాబాద్ నుంచి పనిమీద విదేశాలకు వెళ్లి, కళ్లు తెరుచుకుని చూసొచ్చినవాళ్లూ ఉన్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో కెమెరా పట్టడం నేర్చుకున్న దళిత మహిళా రైతులు, బీటీ పత్తి అనుభవాలను చిత్రీకరించడానికి మాలి, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా దాకా వెళ్లారు. అక్కడి రైతుల పొలాల్లో నిలబడి వాళ్ల కష్టాన్ని తమ కష్టంతో పోల్చుకున్నారు. ఆ సంస్థను నడిపించిన పి.వి.సతీష్ మైసూరువాడు. 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఈ ఎర్రనేల జొన్నలూ సజ్జలే ఆయన లోకం. బయటినుంచి వచ్చినవాడు ఊరిని సొంతం చేసుకున్న ఉదాహరణకు బీదర్ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు.

కొత్త పారిశ్రామిక నగరం వస్తున్న జహీరాబాద్‌లో ఈ విషయంలో చేయగలిగినవి చాలానే ఉన్నాయి. ఆదివారం ఉదయం కార్మికులుండే వాడల నుంచి నేరుగా బీదర్ కోటకు ఒక బస్సు, సాయంత్రం తిరుగు బస్సు. కోటలోనూ అష్టూర్‌లోనూ తెలుగు, హిందీ బోర్డులు. కొత్తగా చేరినవాళ్లకు కంపెనీలు యూనిఫాంతో పాటు చుట్టుపక్కల ఊళ్ల పటం ఒకటి చేతికిస్తే పోయేదేమీ లేదు. ఇవన్నీ ఒకటి రెండు నెలల్లో అయ్యే పనులు.

బీదర్ చూసేసినవాళ్లకు మరో సెలవు రోజుకు ఝరాసంగం ఉంది. జహీరాబాద్ నుంచి ఆటోలు, బస్సులు వెళతాయి. కేతకీ సంగమేశ్వరుడికి మూడు రాష్ట్రాల భక్తులు వస్తారు. శివుడికి నిషిద్ధమని చెప్పే మొగలిపువ్వును ఇక్కడ మాత్రం శివుడికే అర్పిస్తారు. గుండంలో స్నానం చేసి, దర్శనం ముగించుకుని మధ్యాహ్నానికి గదికి చేరుకోవచ్చు. రెండు రోజులు కలిసొస్తే ముంబయి రహదారి మీద హుమ్నాబాద్ దాటి బసవకల్యాణ్ వెళ్లాలి. కల్యాణి చాళుక్యుల రాజధాని అది, బసవేశ్వరుడు పనిచేసిన ఊరు. బసవేశ్వరుడూ అక్కడికి ఉద్యోగం మీద వచ్చినవాడే. అప్పటి రాజు బిజ్జలుడి ఖజానాలో కొలువు.